సోమాలీ దేశంలో బడి ఎవరికి అందింది? – పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. కిందటి సంచికలో సోమాలియా గురించి రాస్తూ, "1960లో రెండు ముక్కలు కలిసి ఒక దేశమయ్యాయి గానీ, ఒక ముక్క గుమాస్తాకి రెండో ముక్క ఫైలు చదవడం రాలేదు" అన్నారు. అక్కడి జనంలో చాలామందిది ఒకే భాష, ఒకే మతం కదా! చదువులో అంత తేడా ఎలా వచ్చింది? – డిగ్రీ చరిత్ర విద్యార్థి

జవాబు: ఫైలు సంగతి చెప్పాలంటే ముందు మాంసం సంగతి చెప్పాలి బాబూ. ఉత్తర ముక్కని బ్రిటిష్‌వాళ్లు ఏలారు, దక్షిణ ముక్కని ఇటలీవాళ్లు. ముందు ఉత్తరం సంగతి. ఇప్పటి యెమెన్‌లో ఉన్న ఏడెన్ రేవు అప్పట్లో బ్రిటిష్‌వాళ్లది. అక్కడున్న సైన్యానికి మేకలు, గొర్రెలు ఎదురుగా ఉన్న సోమాలీ తీరం నుంచి పడవల్లో రావాలి. 1880లలో వాళ్లు బెర్బెరా తీరాన్ని చేతిలోకి తీసుకోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. మొదట్లో ఆ ప్రాంతం పాలన ఏడెన్ నుంచే, బొంబాయి ప్రభుత్వం కింద నడిచింది. అక్కడ చెల్లింది కూడా రూపాయే. మాంసం సరఫరా కోసం పట్టుకున్న చోట బడులు కట్టాలన్న తొందర ఎవరికి ఉంటుంది? ఉన్నదల్లా బెర్బెరాలో ఫ్రెంచి కపూచిన్ మిషనరీలు అనాథ పిల్లల కోసం నడిపిన బడి. అదీ 1910లో మూతపడింది. 1899 నుంచి 1920 దాకా సయ్యిద్ మహమ్మద్ అబ్దుల్లా హసన్ నాయకత్వంలో బ్రిటిష్‌వాళ్ల మీద దెర్విష్‌లనే మత యోధుల యుద్ధం. ఇరవై ఏళ్ల యుద్ధంలో లోపలి ప్రాంతాల్లో సర్కారు అనేదే సరిగా లేదు, ఇక సర్కారీ బడి మాటెక్కడిది!

యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్లకి బడులు గుర్తొచ్చాయి, కానీ ఖర్చు మీరే పెట్టుకోండి అన్నారు. పశువుల మీద పన్ను వేసి, ఆ డబ్బుతో చదువు చెప్పిస్తామన్నారు. యుద్ధంలోనూ కరువులోనూ మందలు పోగొట్టుకున్న జనం దగ్గరికి వెళ్లి ఆ మాట అనడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించండి. 1922లో బురావో పట్టణంలో గొడవ జరిగింది. కెప్టెన్ అలన్ గిబ్ అనే బ్రిటిష్ అధికారిని కాల్చి చంపారు. ఏడెన్ నుంచి విమానాలు వచ్చి బురావో మీద బాంబులు వేశాయి. చివరికి పన్ను ఆలోచన మానుకున్నారు, దాంతోపాటే బడుల ఆలోచనా అటకెక్కింది. ఆ తర్వాత పాతికేళ్లలో పెద్దగా కదలిక లేదు. కొందరు పెద్దింటి పిల్లల్ని సూడాన్‌కి పంపి చదివించారు, అంతే.

అలా సూడాన్‌లో చదివి వచ్చినవాళ్లలో మహమూద్ అహ్మద్ అలీ ఒకరు. ఉత్తరాదిలో ఆధునిక విద్యకి ఆద్యుడు అని ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. 1930లలో ఆయన బడి పెట్టబోతే బురావోలో రాళ్లు పడ్డాయి. మిషనరీలు దొడ్డిదారిన వస్తున్నారని మత పెద్దల అనుమానం. దానికి తోడు, సోమాలీ భాషని రోమన్ లిపిలో రాయిస్తారనే ప్రచారం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గానీ జనం మెత్తబడలేదు. అప్పటికి ప్రభుత్వ బడులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

తర్వాత వచ్చినవి మాత్రం గట్టివి. బెర్బెరా నుంచి బురావోకి వెళ్లే దారిలో, కనుమ ఎక్కాక వచ్చే చల్లటి ఊరు షేఖ్. అక్కడ ఒక బోర్డింగు స్కూలు. బొరామా దగ్గర అమూద్‌లో ఇంకొకటి, 1950లలో. సీట్లు కొద్ది, వడపోత ఎక్కువ, చదువు పూర్తిగా ఇంగ్లీషులో. నేను 2000ల చివర్లో ఉత్తరాది నగరం హర్గేసాలోని ఒక కాలేజీలో పాఠాలు చెప్పినప్పుడు, మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. షేఖ్ బడిలో చదివిన మనిషి. నోటీసు బోర్డు మీద ప్రిన్సిపాల్ గారు అంటించిన కాగితంలోనైనా సరే, కామా తప్పిపోతే ఎర్ర పెన్నుతో పెట్టి మరీ వెళ్లేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

దక్షిణాన కథ వేరు. ఇటలీవాళ్లకి కావలసింది మాంసం కాదు, భూమి. షెబెల్లే, జుబా నదుల మధ్య పత్తి, చెరకు, అరటి తోటలు వేశారు. 1920లో అబ్రుజ్జి డ్యూక్ పెట్టిన వ్యవసాయ కాలనీయే నేటి జౌహర్ పట్టణం. తోటలకి కూలీలు కావాలి. కూలికి ఎక్కాలు రావలసిన అవసరం వాళ్లకి కనిపించలేదు. మొగదిషులో, కొన్ని తీర పట్టణాల్లో మిషనరీల చేతిలో కొద్దిపాటి ప్రాథమిక తరగతులు నడిచాయి. ముస్సోలినీ కాలంలో సోమాలీ పిల్లవాడికి అంతకుమించి చదువు అక్కర్లేదన్నట్టే వ్యవహరించారు.

అక్కడ తలుపు తెరిచింది ఇటలీ ఓటమి. 1941లో దక్షిణం బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది. 1943 మే 15న మొగదిషులో కొందరు కుర్రాళ్లు ఒక యువజన క్లబ్బు పెట్టుకున్నారు. తర్వాత సోమాలీ యూత్ లీగ్ అయింది అదే. వాళ్లు రాజకీయంతో పాటు చదువు మీద కూడా పడ్డారు, సాయంత్రం తరగతులు నడిపారు. 1950లో ఐక్యరాజ్యసమితి ఆ ప్రాంతాన్ని మళ్లీ ఇటలీకే అప్పగించింది, అయితే పదేళ్ల గడువు పెట్టి. పదేళ్లలో దేశం నడపగల మనుషుల్ని తయారు చేయాలి! ఇక చూడండి హడావుడి. మొగదిషులో రాజకీయ, పరిపాలనా శిక్షణ కోసమే ఒక బడి తెరిచారు. 1950లో చదువుకుంటున్నవాళ్లు రెండు వేల చిల్లర. 1957 నాటికి పిల్లలూ పెద్దలూ కలిపి ప్రాథమిక బడుల్లో సుమారు 31,000 మంది. కాని అదే ఏడు జూనియర్ సెకండరీలో ఉన్నవాళ్లు 246 మంది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన రాసుకోండి, పరీక్షలో దక్షిణాది చదువు గురించి అడిగితే ఇంతకంటే మంచి జవాబు ఉండదు.

1960 జూన్ 26న ఉత్తరం, జులై 1న దక్షిణం స్వతంత్రమై కలిసిపోయాయి. ఉత్తరాది వాళ్లకి ఇంగ్లీషు, దక్షిణాది వాళ్లకి ఇటాలియన్, మతం చదువుకున్నవాళ్లకి అరబ్బీ. సోమాలీ భాషకి ఇంకా లిపే ఖాయం కాలేదు. చట్టాలు రెండు రకాలు, లెక్కలు రెండు రకాలు, జీతాల స్కేళ్లు రెండు రకాలు. వీటిని ఒకటి చేయడానికి ఒక కమిషన్ వేసి, ఐక్యరాజ్యసమితి నిపుణుడు పావొలో కాంతీని దాని పనిలో పెట్టారు. రాజధాని మొగదిషు కాబట్టి ఉత్తరాది ఉద్యోగి అక్కడికి వెళ్లి, తన కంటే తక్కువ చదివినవాడు పైకుర్చీలో కూర్చోవడం చూశాడు. దక్షిణాది ఉద్యోగికేమో ఈ వచ్చినవాడు ఇంగ్లీషు రాగానే గొప్పవాడినని అనుకుంటున్నాడని మంట. 1961 డిసెంబరులో ఉత్తరాదిలో తిరుగుబాటుకి ప్రయత్నించి విఫలమైన కుర్ర అధికారులు బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందినవాళ్లు. అసంతృప్తికి కారణాలు చాలా ఉన్నాయి, చదువు వాటిల్లో ఒకటి.

ప్రశ్న: సర్కారీ బడి రాకముందు సోమాలీలకి చదువే లేదా? ఒంటెలు కాచుకునేవాళ్లకి చదువు మీద ఆసక్తి ఉంటుందా అని నా అనుమానం. – ఒక పాఠకుడు

జవాబు: ఆసక్తి సంగతి తర్వాత. ముందు వాళ్ల బడి ఎలా ఉండేదో చెబుతాను.

దాన్ని దుగ్సి అంటారు, ఖురాన్ బడి. పిల్లవాడి చేతిలో పుస్తకం ఉండదు, చెక్కపలక ఉంటుంది, పేరు లోహ్. మూరెడు పైన పొడవు, పైభాగాన పట్టుకోడానికి పిడి. మసిబొగ్గు నూరి, అందులో పాలో జిగురో కలిపి సిరా చేస్తారు. సన్నటి పుల్ల చెక్కి కలం. గురువు చెప్పిన వాక్యం పలక మీద రాసుకుని, నోటికి వచ్చేదాకా గొంతెత్తి చదవడం, అప్పజెప్పడం, పలక కడిగేయడం, ఎండలో ఆరబెట్టడం, మళ్లీ రాయడం. హర్గేసాలో మా అద్దె ఇంటి వెనక రేకుల పందిరి కింద ఒక దుగ్సి ఉండేది. తెల్లవారుజామున నలభై గొంతులు నలభై వేర్వేరు చోట్ల చదువుతుంటే, గురువు మాత్రం ఎక్కడో మూల ఒక పిల్లవాడు అక్షరం మింగేశాడని పట్టేసేవాడు. అది ఎలా సాధ్యమో నాకు అంతుబట్టలేదు.

అరబ్బీ అచ్చుల్ని సోమాలీ పిల్లలకి తేలిగ్గా నేర్పే పద్ధతి ఒకటి, వందల ఏళ్ల కిందట షేక్ యూసుఫ్ అల్ కౌనైన్ కల్పించాడని చెబుతారు. "అలిఫ్ లా కొర్ధబే, అలిఫ్ లా హూస్‌ధబే, అలిఫ్ లా గొదే" అంటూ రాగం తీస్తారు. ఇప్పటికీ ఆ రాగమే. ఆయన సమాధి హర్గేసాకి దగ్గర్లోనే ఉంది.

ఈ బడికి ఉన్న గొప్ప సౌకర్యం, అది నడుస్తుంది. వానలు ఎటు పడితే మంద అటు, మందతో కుటుంబాలు, కుటుంబాలతో గురువు. చెట్టు కింద కూర్చుంటే బడి. జీతం గొర్రెల్లోనో మేకల్లోనో ముట్టేది. పై చదువు కావాలంటే దక్షిణాన బ్రావా, మెర్కా, మొగదిషు, పడమట హరార్ లాంటి ఊళ్లు ఉన్నాయి. బ్రావాకి చెందిన షేక్ ఉవైస్ అనే సూఫీ గురువు (1909లో చనిపోయాడు) శిష్యులు తూర్పు ఆఫ్రికా తీరం పొడవునా ఉండేవారు. కాబట్టి ఆధునిక బడి లేని చోట చదువే లేదు అనుకోకండి. ఆ లెక్కన చూస్తే, సర్కారీ బడుల్లో కనిపించే తేడాలకీ దుగ్సి తేడాలకీ పొంతన లేదు. దుగ్సి దాదాపు అందరికీ అందుబాటులో ఉండేది.

ఇక ఒంటెల సంగతి. అసలు చిక్కు అక్కడే ఉంది, ఆసక్తిలో కాదు. సోమాలీ కుటుంబంలో ఆడవాళ్లు, పసిపిల్లలు గొర్రెలతో, మేకలతో నీళ్ల దగ్గర ఉంటారు. ఒంటెలు చాలా దూరం పోగలవు కాబట్టి వాటిని వేరే తోలుకుపోతారు. తోలేది ఎవరు? ఏడెనిమిదేళ్లు వచ్చిన మగపిల్లలు, పెళ్లికాని కుర్రాళ్లు. అంటే సర్కారు బడికి రమ్మనే వయసూ, ఒంటెల వెంట వెళ్లే వయసూ ఒకటే. నెలల తరబడి పాలే వాళ్ల తిండి. అలాంటి పిల్లవాడిని ఏ ఊరి బడిలో ఏ రిజిస్టరులో రాస్తారు?

దీనికి కుటుంబాలు కనిపెట్టిన మార్గం ఒకటే: ఒక కొడుకుని పట్నంలో మేనమామ ఇంట్లోనో పెదనాన్న ఇంట్లోనో ఉంచడం. మిగతావాళ్లు మందతో. అంటే చదువు రావాలంటే పట్నంలో బంధువు ఉండాలి. షేఖ్, అమూద్ లాంటి బోర్డింగు బడులు ఉత్తరాది మందల పిల్లలకి ఎక్కువ అందడానికి కారణం కూడా ఇదే, అక్కడ బంధువు అక్కర్లేదు, మంచం ఇచ్చేవారు. అందుకే నన్నడిగితే, ఉత్తరం దక్షిణం అని అందరూ మాట్లాడుకునే తేడా కంటే పట్నం, పచ్చిక అనే తేడా చాలా పెద్దది. మొగదిషులో పుట్టిన పిల్లవాడికీ హర్గేసాలో పుట్టిన పిల్లవాడికీ మధ్య ఉన్న దూరం తక్కువ. హర్గేసా పిల్లవాడికీ, అదే తెగకి చెంది హౌద్ మైదానంలో ఒంటెలు తోలే వాడి తమ్ముడికీ మధ్య ఉన్నది ఎక్కువ.

ప్రశ్న: ఇదంతా మగపిల్లల కథే చెప్పారు మాస్టారూ. ఆడపిల్లల మాటేమిటి? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: నిజమేనమ్మా, చెప్పడానికి ఉన్నది తక్కువ కాబట్టే అలా జరిగింది. ఉత్తరాన ఆడపిల్లల కోసం ప్రభుత్వ బడి 1953లో బురావోలో తెరిచారు. ఆ ముందు దాకా లేదు.

ఎడ్నా ఆదన్ ఇస్మాయిల్ జీవితం చూస్తే సరిపోతుంది. 1937లో హర్గేసాలో పుట్టారు. తండ్రి వైద్యుడు. ఆయన చుట్టుపక్కల మగపిల్లల కోసం ఇంటి దగ్గర చదువు చెప్పించేవాడు, కూతురు కూడా అక్కడే చేరి అక్షరాలు నేర్చుకుంది. సొంత ఊళ్లో ఆడపిల్లకి బడి లేదు కాబట్టి తండ్రి ఆమెను జిబూతికి పంపాడు. అది ఫ్రెంచివాళ్ల ఏలుబడి, అక్కడ చదువంతా ఫ్రెంచిలో. ఇది గమనించండి, ఒక సోమాలీ అమ్మాయి చదువుకోడానికి ఒక వలస రాజ్యం నుంచి ఇంకో వలస రాజ్యానికి, ఇంకో భాషలోకి పోవలసి వచ్చింది. తిరిగొచ్చాక బురావోలో ఆ కొత్త బాలికల బడిలోనే పాఠాలు చెప్పారు. 1954లో స్కాలర్‌షిప్ మీద బ్రిటన్ వెళ్లి నర్సింగ్, మంత్రసాని విద్య చదివారు. 2002లో హర్గేసాలో తన సొంత డబ్బుతో ప్రసూతి ఆసుపత్రి తెరిచి, ఊళ్లో అమ్మాయిలకి నర్సింగ్ నేర్పడం మొదలుపెట్టారు.

అలాంటి తండ్రి లేని అమ్మాయికి ఏం దొరికింది? దుగ్సిలో కొన్నేళ్లు, ఆ తర్వాత మేకలు. దక్షిణాన 1950లలో ప్రాథమిక బడుల లెక్కలో ఆడవాళ్లు కూడా ఉన్నారు, కాని అదీ ఎక్కువగా పట్నాల్లోనే.

ప్రశ్న: అయ్యా, మీ రాతల్లో తప్పంతా పరాయివాళ్లదే అన్నట్టు ఉంటుంది. బడి పెట్టబోతే రాళ్లు వేసింది సోమాలీలే కదా? – ఒక రిటైర్డు ఉద్యోగి

జవాబు: వేశారు సార్, కాదనను. కానీ ఒక్కసారి వాళ్ల వైపు నిలబడి చూడండి. వాళ్లు చూసిన మొదటి తెల్లవాళ్ల బడి మిషనరీలది. రెండోసారి బడి మాట విన్నది పన్ను కాగితంలో. మూడోసారి, ఖురాన్ లిపిని పక్కకి నెట్టే ప్రయత్నంగా. మూడు సార్లూ బడి వెనక ఇంకేదో ఉంది. చదువు వద్దని కాదు, ఆ చదువు తెచ్చే చేతిని నమ్మలేదు. దానికి రుజువు, అదే బురావోలో తర్వాత ఆడపిల్లల బడి కూడా నడవడం. మహమూద్ అహ్మద్ అలీ లాంటి సొంత మనిషి, సూడాన్‌లో చదివిన ముస్లిం, ఓపిగ్గా తిరిగి చెబితే తలుపులు తెరుచుకున్నాయి.

అయితే సోమాలీలు సోమాలీలకే చేసిన అన్యాయం ఒకటి ఉంది, అది మీరు అడగలేదు గానీ చెబుతాను. జుబా లోయలో వ్యవసాయం చేసుకునే బాంటూ జనం ఉన్నారు. 19వ శతాబ్దంలో ఇప్పటి టాంజానియా, మొజాంబిక్, మలావీ వైపు నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి చాలామంది వాళ్లలో ఉన్నారు. ఇటలీవాళ్ల తోటల్లో నిర్బంధ చాకిరీ చేసింది ఎక్కువగా ఇలాంటి నదీ తీరపు రైతులే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్ల ఊళ్లకి బడి ఆఖరున వచ్చింది, వచ్చినచోట వాళ్ల పిల్లల్ని జుట్టు చూసి, రంగు చూసి వెక్కిరించారు. నదీ తీరం కాబట్టి వాళ్లు కదలరు, స్థిరంగా ఊళ్లలోనే ఉంటారు, ఒంటెల వెంట పోరు. బడి పెట్టడానికి దేశంలోనే అన్నిటికంటే సులువైన చోటు అది! అక్కడ లేకపోవడానికి సంచార జీవితం కారణమని ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: 1972లో సోమాలీకి లాటిన్ లిపి వచ్చాక ఈ తేడాలు పోయాయా? – పోటీ పరీక్షల అభ్యర్థిని

జవాబు: కొన్ని పోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయమ్మా.

ముందు లిపి తగువు గురించి రెండు ముక్కలు. అరబ్బీ లిపి కావాలని మత పెద్దలు, లాటిన్ కావాలని ఆఫీసు చదువులవాళ్లు, 1920ల ప్రాంతంలో ఒస్మాన్ యూసుఫ్ కెనదీద్ సొంతంగా కల్పించిన ఒస్మానియా లిపి కావాలని ఇంకొందరు. పౌర ప్రభుత్వాలు తొమ్మిదేళ్లు తేల్చలేకపోయాయి, ఎటు తేల్చినా ఓట్లు పోతాయని భయం. 1969లో గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వానికి ఆ టెన్షన్ లేదు. 1972 అక్టోబరు 21న దాని అధినేత సియాద్ బర్రె లాటిన్ లిపిని ప్రకటించాడు. షిరె జామా అహ్మద్ రూపొందించిన పద్ధతి ఆధారంగా ఖాయం చేశారు. ఆఫీసుల్లో సోమాలీ, ప్రాథమిక బడుల్లో సోమాలీ. ఒకటో తరగతి పిల్లవాడు ఇక ఇంగ్లీషో ఇటాలియనో నేర్చుకుని గానీ లెక్కలు మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇది చిన్న విషయం కాదు.

1974లో ఇంకో పెద్ద సాహసం. సెకండరీ బడులు ఏడాది పాటు మూసేసి, పాతిక వేలకు పైగా విద్యార్థుల్ని, ఉపాధ్యాయుల్ని పల్లెలకీ పచ్చికలకీ పంపారు. ఒక మడత నల్లబల్ల, ఒక దుప్పటి, నీళ్ల సీసా. "తెలిస్తే నేర్పు, తెలియకపోతే నేర్చుకో" అన్నది నినాదం. పట్నం కుర్రాడు సంచార కుటుంబంతో తిరుగుతూ, వాళ్లు పెట్టిందే తింటూ, సాయంత్రం పాలు పితికాక చెట్టుకి బల్ల తగిలించి అక్షరాలు చెప్పాలి. మా స్టాఫ్‌రూములో ఒక లెక్కల మాస్టారు ఆ కుర్రాళ్లలో ఒకడు. "అక్షరాలు నేను చెప్పాను, ఒంటె ఎక్కడం వాళ్లు చెప్పారు, ఇద్దరికీ పూర్తిగా రాలేదు" అని నవ్వేవాడు. ఆ ఏడాదే దబధీర్ అనే భయంకరమైన కరువు వచ్చింది. పాఠాలు చెప్పడానికి వెళ్లిన పిల్లలే సహాయ శిబిరాల్లో పేర్లు రాసుకునే గుమాస్తాలయ్యారు. మందలు పోయిన కుటుంబాల్ని వేల సంఖ్యలో సోవియట్ విమానాల్లో దక్షిణాదికి తరలించి, కుర్తున్‌వారే, సబ్లాలే లాంటి చోట్ల వ్యవసాయంలో, బ్రావా లాంటి తీరాల్లో చేపల పనిలో పెట్టారు. వానలు పడగానే చాలామంది మగవాళ్లు మళ్లీ ఒంటెల దగ్గరికి వెళ్లిపోయారు, ఆడవాళ్లూ పిల్లలూ బడి ఉన్న చోట ఉండిపోయారు. కొన్ని వందల ఏళ్లలో ఎవరూ చేయలేని పని కరువు చేసింది.

కొత్తగా వచ్చిన తేడాల మాటకొస్తే, ఒకటి భాష. రాతకి ప్రమాణంగా తీసుకున్నది ఉత్తర, మధ్య ప్రాంతాల్లో మాట్లాడే సోమాలీ. రెండు నదుల మధ్య, బైదోవా చుట్టూ ఇళ్లలో మాట్లాడేది 'మై' అనే భాష. రెంటికీ చాలా తేడా. అంటే దేశమంతా మాతృభాషలో చదువుతోందని సంబరపడుతున్న రోజుల్లో ఆ పిల్లలు మాత్రం ఇంకో భాషలోనే పరీక్ష రాస్తున్నారు. బైదోవా వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు నాతో ఈ సంగతి చెబుతున్నప్పుడు గొంతు కొంచెం పెంచాడు. ఆయన వయసు అప్పటికి యాభై పైనే, అయినా రెండో తరగతి పరీక్ష ఇంకా మరిచిపోలేదు.

రెండోది యూనివర్సిటీ. దేశానికంతటికీ ఉన్న జాతీయ విశ్వవిద్యాలయం మొగదిషులోనే. ఇటలీ సాయంతో నడిచింది కాబట్టి చాలా విభాగాల్లో పాఠాలు ఇటాలియన్‌లో! లఫోలేలోని ఉపాధ్యాయ కళాశాల మాత్రం ఇంగ్లీషు. షేఖ్, అమూద్ బడుల నుంచి ఇంగ్లీషు నేర్చుకుని వచ్చిన ఉత్తరాది కుర్రాడు డాక్టరు కావాలంటే ముందు ఇటాలియన్ నేర్చుకోవాలి. సొంత దేశంలో, సొంత భాష రాతకి వచ్చాక కూడా! హర్గేసాలో మా అకౌంటెంటు మొగదిషులో అలా చదివినవాడే. ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో రాసేవాడు, మాట్లాడేది సోమాలీ, ప్రార్థన అరబ్బీ, నోట్ల కట్టలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం పెదాలు ఇటాలియన్‌లో కదిలేవి.

1980లకి వచ్చేసరికి ఉత్తరాదిలో బడులకి బల్లలు, ఆసుపత్రికి మందులు కూడా కరువయ్యాయి. హర్గేసాలో కొందరు డాక్టర్లు, ఉపాధ్యాయులు చందాలు వేసుకుని ఆసుపత్రి బాగుచేయబోతే ప్రభుత్వం వాళ్లని అరెస్టు చేసింది. 1982 ఫిబ్రవరిలో వాళ్ల విచారణ రోజున బడి పిల్లలు వీధుల్లోకి వచ్చి రాళ్లు రువ్వారు. 1988లో ప్రభుత్వ విమానాలు హర్గేసాని నేలమట్టం చేశాయి. బడులు ఏమయ్యాయో వేరే చెప్పాలా! 1991లో ప్రభుత్వం కూలాక మొగదిషుకీ అదే గతి పట్టింది. 1998లో పాత అమూద్ సెకండరీ బడి భవనాల్లో, సర్కారు సాయం కోసం చూడకుండా, స్థానికులు, విదేశాల్లో ఉన్నవాళ్లు కలిసి అమూద్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టారు. హర్గేసా విశ్వవిద్యాలయం 2000లో వచ్చింది.

ప్రశ్న: కెన్యా, ఇథియోపియాల్లో ఉన్న సోమాలీల పరిస్థితి కూడా ఇంతేనా? – అదే డిగ్రీ విద్యార్థి, మరో ఉత్తరంలో

జవాబు: ఇంకా అధ్వాన్నం. కెన్యా ఉత్తర సరిహద్దు జిల్లాని బ్రిటిష్‌వాళ్లు మూసిన ప్రాంతంగా ఉంచారు. లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా పాస్ కావాలి. అక్కడ పోలీసు ఠాణాలు కట్టారు, బడులకి మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ మోక్షం రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1963 నుంచి కొన్నేళ్లు సోమాలియాలో కలవాలని అక్కడ పోరాటం, అత్యవసర పరిస్థితి. దానికి తోడు కెన్యా ప్రభుత్వం 1965లో తెచ్చిన పదో నంబరు సెషనల్ పేపర్, డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ రాబడి వస్తుందో అక్కడే పెట్టాలంది. ఆ లెక్కన టీ, కాఫీ పండే కొండలకి రోడ్లూ బడులూ వెళ్లాయి, సోమాలీలుండే గారిస్సా, వజీర్, మందేరా మిగిలిపోయాయి. ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్లు నైరోబీ బస్సు ఎక్కుతూ "కెన్యా వెళ్తున్నాం" అంటారట, ఉన్నది కెన్యాలోనే అయినా.

ఇథియోపియాలోని ఒగాదెన్‌లో చదువు భాష అమ్హారిక్. జిజిగాలాంటి పట్నంలో బడి ఉన్నా, సోమాలీ పిల్లవాడికి ఇంట్లో వినని భాష, దుగ్సిలో చూడని లిపి. 1990లలో ఇథియోపియా రాజ్యాంగం మారి, ప్రాంతీయ భాషల్లో బడులు వచ్చాక అక్కడ సోమాలీలో ప్రాథమిక చదువు మొదలైంది. అందులో వాడింది 1972లో మొగదిషులో ఖాయం చేసిన ఆ లాటిన్ అక్షరాలే.